న్యాయకళాశాలల పత్రికలు – కోయంబత్తూరు, మధుర తెలుగువారి భాషాహక్కులు

హక్కు అనునది రెండు చోట్ల నిలిచియుండును. ఒకటి చట్టపుస్తకము, రెండవది ఆ చట్టమునకు న్యాయస్థానము చెప్పిన యర్థము. ఈ రెండింటికిని నడుమ మూడవ చోటొకటి కలదు. చట్టములోని మాటకు ఏ యర్థము చెప్పుట ధర్మము, ఇంతవరకు చెప్పిన యర్థమున లోపమెచ్చట నున్నది, ఇకముందు రాబోవు వ్యాజ్యమునకు ఏ వాదము తగియుండును అని పండితులు తొందరలేక విచారించు స్థలమది. అట్టి విచారణ విశ్వవిద్యాలయముల న్యాయశాఖలు ప్రకటించు పత్రికలలో జరుగుచున్నది.

సామాన్య పాఠకులకు ఈ పత్రికల పేరైనను తెలియదు. న్యాయవాదుల బల్లలపైనను, కళాశాలల గ్రంథాలయములందును మాత్రమే యవి కానవచ్చును. అయినను తరతరములుగా తమిళదేశమున నివసించుచు, ఇంట తెలుగు మాటాడుచు, బడిలో ఆ తెలుగును చదువుకొనుటకు చట్టము నాశ్రయింపవలసివచ్చిన కోయంబత్తూరు, మధుర ప్రాంతముల తెలుగువారికి వీనితో సన్నిహిత సంబంధము గలదు. ఈ పత్రికలు ఎట్లు పుట్టినవి, ఎట్లు నడచుచున్నవి, వానియందలి వ్యాసము న్యాయపీఠము వరకు ఎట్లు చేరును, ఈ తెలుగువారి సమస్యకు వానివలన కలుగదగిన ప్రయోజనమెట్టిది యను విషయములు ఇందు వివరింపబడుచున్నవి.

తీర్పుల సంపుటములు – శాస్త్రపత్రికలు

మొదట నొక భేదమును గుర్తింపవలెను. న్యాయస్థానముల తీర్పులను యథాతథముగా అచ్చువేయు సంపుటములు వేరు. న్యాయశాస్త్ర పత్రికలు వేరు. ‘ఏ.ఐ.ఆర్. 1971 ఎస్.సి. 1737’ అని యొక న్యాయవాది చెప్పినచో, ఆలిండియా రిపోర్టరు అను సంపుటమున 1971వ సంవత్సరపు సుప్రీంకోర్టు భాగములో 1737వ పుటను చూడుడని యర్థము. ఆ పుటలో న్యాయమూర్తి మాట యుండును. ఆ మాట క్రింది న్యాయస్థానములకు శిరోధార్యము.

శాస్త్రపత్రికలో నుండునది విద్వాంసుని మాట. దానికి శాసనబలము లేదు. దాని బలమంతయు దానియందలి హేతువులోను, ఆధారములోను ఉన్నది. న్యాయమూర్తి దానిని చదువవచ్చును, చదువకపోవచ్చును, చదివియు త్రోసివేయవచ్చును. కాని హేతువు గట్టిదైనచో ఏనాటికో యొకనాటికి అది తీర్పులోనికి ప్రవేశించును.

ఈ రెండు పనులను కలిపి చేసిన పత్రికలును గలవు. చెన్నపట్టణపు వకీళ్లు 1891లో ప్రారంభించిన మద్రాసు లా జర్నలు అట్టిది. అది తీర్పులను ప్రకటించుటయే గాక, ఆ తీర్పుల గుణదోషములను చర్చించు వ్యాసములను గూడ ప్రకటించుచు వచ్చినది. అప్పటి మద్రాసు రాజధానిలో కోయంబత్తూరు, మధుర జిల్లాల వ్యాజ్యములును, నెల్లూరు, గుంటూరు, విశాఖపట్టణము జిల్లాల వ్యాజ్యములును ఒకే హైకోర్టు నాశ్రయించియుండెను. కావున తమిళ న్యాయవాదికిని తెలుగు న్యాయవాదికిని ఒకే పత్రిక బల్లపై నుండెను.

విశ్వవిద్యాలయ పత్రికల పుట్టుక

విద్యాలయముల న్యాయపత్రికలు పంతొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున అమెరికాలో తలయెత్తినవి. 1875లో ఆల్బనీ న్యాయకళాశాల విద్యార్థులొక పత్రికను వెలువరించిరి. 1887 ఏప్రిలులో హార్వర్డు విద్యార్థులు హార్వర్డు లా రివ్యూ అను పత్రికను స్థాపించిరి. మద్రాసు లా జర్నలు పుట్టిన 1891లోనే యేల్ విశ్వవిద్యాలయ పత్రికయు పుట్టినది. అమెరికా పత్రికలందలి విశేషమేమనగా, సంపాదకత్వమంతయు విద్యార్థులదే. ఆచార్యులును, న్యాయమూర్తులును వ్యాసములను పంపుదురు. వానిని పరీక్షించి, ఏరి, దిద్ది ప్రకటించువారు ఇంకను పట్టము పుచ్చుకొనని యువకులు. ఇంగ్లండులో 1885లో వెలసిన లా క్వార్టర్లీ రివ్యూ ఇందుకు భిన్నముగా విద్వాంసుల సంపాదకత్వమున నడచినది.

భారతదేశమున ఈ రెండు పద్ధతులును అమలులో నున్నవి. 1958లో ఢిల్లీలోని భారత న్యాయశాస్త్ర సంస్థ తన పత్రికను విద్వాంసుల సంపాదకత్వమున ప్రారంభించినది. తరువాత బెంగుళూరు జాతీయ న్యాయవిద్యాలయము మొదలైనవి విద్యార్థుల సంపాదకత్వమున పత్రికలను నడుపుచున్నవి.

దక్షిణదేశపు పాఠకులు మరువరానిది మద్రాసు విశ్వవిద్యాలయ కృషి. పోలండు దేశీయుడగు చార్లెస్ హెన్రీ అలెగ్జాండ్రోవిచ్ అను పండితుడు 1951లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వచ్చి, అంతర్జాతీయ న్యాయ, రాజ్యాంగ న్యాయశాఖ కధిపతియయ్యెను. ఆయన చొరవతో 1952 మొదలుకొని ‘ఇండియన్ యియర్ బుక్ ఆఫ్ ఇంటర్నేషనల్ అఫైర్స్’ అను వార్షిక సంపుటము వెలువడసాగెను. పేరునుబట్టి అది విదేశ వ్యవహారములకు సంబంధించినదని తోచును గాని, రాజ్యాంగ విషయములకును అందు చోటుండెను. ఆ చోటు భారతదేశ చరిత్రలో నెంత పనిచేసినదో ముందు తెలియగలదు.

పత్రిక తయారగు విధము

ఇట్టి పత్రికకు వ్యాసము చేరినది మొదలు అచ్చగువరకు మూడు పరీక్షలు జరుగును. మొదటిది సంపాదకవర్గపు పరీక్ష. వ్యాసములో క్రొత్త విషయమున్నదా, లేక తెలిసినదే తిరిగి చెప్పబడినదా యని చూతురు. రెండవది నిపుణుని పరీక్ష. వ్రాసినవారి పేరు తీసివేసి, ఆ విషయమున తెలివిగలవారికి వ్యాసమును పంపుదురు. పరీక్షించువారి పేరును వ్రాసినవారికి తెలియనీయరు. పేరుప్రతిష్ఠలనుబట్టి గాక వాదమునుబట్టియే వ్యాసము నిలుచుటకై ఈ యేర్పాటు. మూడవది ఆధారముల పరీక్ష. ప్రతివాక్యము క్రిందను వ్రాసియున్న అధోజ్ఞాపికను తీసికొని, అందు చెప్పిన గ్రంథమును తెరచి, చెప్పిన పుటలో చెప్పిన మాట యున్నదో లేదో సంపాదకులు స్వయముగా చూతురు.

ఈ మూడవ పరీక్షయే న్యాయపత్రికకు ప్రాణము. సభలో ‘మన భాషకు అన్యాయము జరుగుచున్నది’ అని యెవ్వరైనను అనవచ్చును, చప్పట్లును మ్రోగును. ఆ వాక్యమే న్యాయపత్రికకు వ్రాసినచో సంపాదకుడు నాలుగు ప్రశ్నలు వేయును: ఏ బడిలో? ఏ సంవత్సరమున? ఏ యుత్తరువువలన? చట్టములోని ఏ యధికరణమునకు విరుద్ధముగా? ఈ నాలుగింటికిని సమాధానము దొరకినప్పుడు ఆవేదన వాదమగును. దొరకనిచో ఆవేదనగానే మిగులును.

పత్రికయందు ముఖ్యముగా మూడు రకముల రచనలుండును. మొదటిది విస్తృతమైన వ్యాసము. రెండవది ఒక తీర్పును తీసికొని దాని బాగోగులు నిర్ణయించు తీర్పు విమర్శ. మూడవది చిన్న విషయముపై వ్రాసిన లఘుటిప్పణము. విద్యార్థులు తరచుగా తీర్పు విమర్శతో ప్రారంభింతురు. ఒక తీర్పును మొదటినుండి చివరివరకు చదివి, న్యాయమూర్తి ఏ హేతువుచే ఏ నిర్ణయమునకు వచ్చెనో తన మాటలలో చెప్పగలుగుటయే వారికి గొప్ప శిక్ష.

వ్యాసము తీర్పగుట – రెండు నిదర్శనములు

1890 డిసెంబరులో హార్వర్డు పత్రికలో సామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను ఇద్దరు బోస్టను న్యాయవాదులు ఏకాంతహక్కును గూర్చి యొక వ్యాసమును ప్రకటించిరి. వార్తాపత్రికలును, ఛాయాచిత్రములును మనుష్యుని యింటి గుట్టును బజారున పెట్టుచున్న కాలమున, తన బ్రదుకు తనకు విడిచిపెట్టుమని కోరు హక్కు ప్రతిమనుష్యునకును గలదని వారు వాదించిరి. 1902లో న్యూయార్కు ఉన్నత న్యాయస్థానము ఆ వాదమును నిరాకరించెను. 1905లో జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు అంగీకరించెను. భారతదేశమున 1954, 1962 సంవత్సరముల తీర్పులు రాజ్యాంగమున నట్టి హక్కు లేదన్నవి. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యమున, ఏకాంతము ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా తీర్మానించెను. ఆ ధర్మాసనమున తెలుగువారగు జాస్తి చలమేశ్వరు గారును ఒకరు. విద్యార్థులు నడపిన పత్రికలోని ఆ వ్యాసమును ఆ తీర్పు స్మరించినది. నడుమ గడచినవి నూట యిరువది యారేండ్లు.

రెండవ నిదర్శనము మన చెన్నపట్టణపుది. జర్మనీలోని హైడెల్బర్గు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డీట్రిఖ్ కాన్రాడ్ 1965 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున నొక యుపన్యాసము చేసెను. రాజ్యాంగమును సవరించు అధికారము రాజ్యాంగమువలన పుట్టినదే గదా, అట్టి యధికారము తన్ను పుట్టించిన మూలస్తంభములనే కూల్చగలదా యని ఆయన ప్రశ్నించెను. చెన్నపట్టణమున పేరుపొందిన న్యాయవాది ఎం.కె. నంబియారు ఆ వాదమును 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ముందుంచెను. అప్పటి ప్రధాన న్యాయమూర్తి తెలుగువారగు కోకా సుబ్బారావు గారు. వాదమున బలమున్నదని తలచియు, ఆ వ్యాజ్యమున దానిని తేల్చవలసిన యవసరము లేదని వారు విడిచిరి.

అటుపిమ్మట కాన్రాడ్ వాదము విపులమైన వ్యాసముగా మద్రాసు విశ్వవిద్యాలయపు వార్షిక పత్రిక 1966–67 సంపుటమున వెలువడెను. 1973 ఏప్రిలు 24న కేశవానంద భారతి వ్యాజ్యమున పదుమువ్వురు న్యాయమూర్తులలో ఏడుగురు, పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మూలస్వరూపమును మార్పజాలదని నిర్ణయించిరి. తూనికకు మొగ్గు నిచ్చిన హెచ్.ఆర్. ఖన్నా గారి తీర్పులో ఆ మద్రాసు పత్రిక పేరును, కాన్రాడ్ వ్యాసము పేరును స్పష్టముగా నుదహరింపబడినవి. ఆ యేడుగురిలో పింగళి జగన్మోహనరెడ్డి గారును ఒకరు. ఆయన పేరు కొలదిసేపటిలో మరల వచ్చును.

ఈ రెండింటివలన తెలియునదేమనగా, పత్రికలో వ్యాసము ప్రకటించిన మరునాడు ఫలము రాదు. వాదమును వ్రాసి భద్రపరచినచో, తగిన వ్యాజ్యము వచ్చిన నాటికి అది సిద్ధముగా నుండును. వ్రాయకున్నచో ఆ వ్యాజ్యము వచ్చినప్పుడు న్యాయవాది చేతిలో నేమియు నుండదు.

కోయంబత్తూరు, మధుర తెలుగువారు

ఇక ఈ వాదబలము నపేక్షించుచున్న జనుల సంగతి. మధుర, అనగా నేటి మదురై, 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు పాలనకు వచ్చినది మొదలు 1736 వరకు తెలుగు నాయకరాజుల రాజ్యమునకు కేంద్రము. 1623 నుండి 1659 వరకు ఏలిన తిరుమలనాయకుని మందిరము నేటికిని నిలిచియున్నది. ఆ రాజుల కాలమున తెలుగు వచనము మధుర, తిరుచిరాపల్లి ఆస్థానములందు వికసించెను. 18వ శతాబ్దారంభమున ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగు వచనకర్త. ఆ రాజులిచ్చిన దానములకు తెలుగున వ్రాసిన తామ్రశాసనములు కలవు.

కోయంబత్తూరు ప్రాంతమున సేద్యము చేయు నాయుళ్లును, మగ్గములు నడుపు దేవాంగులును, శ్రమజీవులగు అరుంధతీయులును తెలుగు మాటాడువారిలో ముఖ్యులు. పీళమేడు గోవిందస్వామి నాయుడు గారి కుమారులు 1926లో స్థాపించిన ధర్మసంస్థవలన పెక్కు విద్యాలయములు వెలసినవి. యంత్రనిర్మాణమున ఖ్యాతిగాంచిన జి.డి. నాయుడు గారు (1893–1974) ఆ ప్రాంతమువారే. 2011 జనాభా లెక్కలనుబట్టి తమిళనాడున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలమంది. అనగా నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ.

వీరిలో అనేకుల యిండ్లలో తండ్రిని నేటికిని ‘నైనా’ అని పిలుతురు. కాని యా తండ్రికి ఉత్తరము వ్రాయవలసివచ్చినచో తమిళ లిపిలోనో, ఆంగ్లముననో వ్రాయుదురు. మాట తెలుగు, వ్రాత తెలుగు కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే యక్షరము. ప, బ లకును ఒకే యక్షరము. కంపయు గంపయు ఒకే తీరున వ్రాయబడును. పండియు బండియు నట్లే. మాటను చెవితో విన్నవానికే ఆ భేదము తెలియును. కావున వినువారు తగ్గినకొలది భాషయు తగ్గును. మధురలో వీరి పొరుగువారగు సౌరాష్ట్రుల స్థితియు నిట్టిదే. వారి భాషకు ప్రత్యేక లిపి యున్నను వాడుకలో తమిళ లిపియే ఎక్కువ.

ఇచ్చట నొక సందేహము పుట్టును. లిపి రానివారిని ఆ భాషకు చెందిన యల్పసంఖ్యాకులని చట్టము గుర్తించునా? అక్షరము పోగొట్టుకొన్నవారికి భాషాహక్కు మిగిలియున్నదా?

చట్టము చెప్పినది

రాజ్యాంగపు 29వ అధికరణము, ప్రత్యేకమైన భాషగాని, లిపిగాని, సంస్కృతిగాని గల పౌరులకు దానిని రక్షించుకొను హక్కు నిచ్చినది. 30వ అధికరణము మతమునుబట్టి గాని, భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులగువారు తమకిష్టమైన విద్యాలయములను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చినది. భాషారాష్ట్రములు ఏర్పడిన 1956లో, ఏడవ సవరణచే 350ఏ అధికరణము చేర్చబడినది. అల్పసంఖ్యాక భాషలకు చెందిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నించుట ప్రతిరాష్ట్రమునకును విధి యని దాని సారాంశము. 350బీ అధికరణముచే ఈ రక్షణలను పరిశీలించుటకు ప్రత్యేకాధికారి యేర్పడెను. ఆయన నివేదికలు పార్లమెంటు ముందుంచబడవలెను.

పై సందేహమునకు 1971లో సమాధానము వచ్చినది. పంజాబులోని దయానంద కళాశాలకును ఆ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్లు నిర్ణయించెను: భాషనుబట్టి యల్పసంఖ్యాకులగుటకు ప్రత్యేకమైన మాటాడు భాష యుండిన చాలును, ఆ భాషకు వేరు లిపి యుండవలెనను నియమము లేదు. ముందు సంఖ్యచే చూపబడిన ఏ.ఐ.ఆర్. 1737వ పుటలో ప్రారంభమగునది ఈ తీర్పే. దానిని వ్రాసినవారు జగన్మోహనరెడ్డి గారు. వ్యాజ్యము పంజాబుది, ఆ వాక్యము తమిళదేశపు తెలుగింటికిని వర్తించునది. తెలుగు చదువ నేరని తాతయు, ఇంట తెలుగు మాటాడు మనుమడును, ఇరువురును ఆ వాక్యము నీడలో నున్నారని వాదింప వీలున్నది. లిపి లేని భాషను గూర్చి చెప్పిన మాట, లిపి యుండియు నేర్వనివారికి ఎంతవరకు చెల్లునను ప్రశ్న మాత్రము విచారింపదగియున్నది. న్యాయపత్రికలో ఒక మంచి తీర్పు విమర్శకు చాలినంత విషయమిది.

2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయి సంస్థ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులు, అల్పసంఖ్యాకత్వమును దేశమంతటినిబట్టి గాక రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెనని చెప్పిరి. కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అధికసంఖ్యాకుల భాషయగు తెలుగు, తమిళనాడున అల్పసంఖ్యాకుల భాష యగుచున్నది. అక్కడ తెలుగుబడి స్థాపించువారికి 30వ అధికరణపు రక్షణ గలదు.

అయితే హక్కునకు హద్దులును గలవు. 2004లో ఉషా మెహతా వ్యాజ్యమున, మహారాష్ట్రలోని గుజరాతీవారి బడులలో మరాఠీని తప్పనిసరిగా బోధింపవలెనను నియమమును సుప్రీంకోర్టు సమర్థించెను. రాష్ట్రమున నివసించువారు ఆ రాష్ట్రభాషను నేర్చుట వారికే మేలు, పాలనకును అవసరమని దాని యాశయము. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళ బోధనా చట్టమును చేసెను. 2006–07లో ఒకటవ తరగతితో ప్రారంభించి, ఏటేట నొక తరగతి చొప్పున, పదవ తరగతి వరకు తమిళము నిర్బంధ విషయమయ్యెను. ఇతర మాతృభాషలకు ఐచ్ఛిక విషయముగా చోటు లభించెను. 2015–16 నాటికి నియమము పదవ తరగతిని చేరగా, అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానముల నాశ్రయించి ఆయా సంవత్సరముల పరీక్షలకు మినహాయింపులు కోరిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంవత్సరపు పరీక్షకు మినహాయింపు నిచ్చెను.

2014 మే 6న కర్ణాటక వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరియొక ముఖ్యవిషయమును తేల్చెను. పిల్లవాని మాతృభాష యేదో నిర్ణయించువారు తల్లిదండ్రులే గాని ప్రభుత్వము కాదు. ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదు. ఈ తీర్పు రెండంచుల కత్తి వంటిది. తెలుగు కోరు తండ్రిని ఎవ్వరును కాదనరాదు. తెలుగు కోరని తండ్రిని ఎవ్వరును నిర్బంధింపలేరు. బడిలో చేర్చునాడు దరఖాస్తులో మాతృభాష యను గడియందు తండ్రి యేమి వ్రాయునో అదియే హక్కునకు మొదటి యాధారము.

వ్రాయవలసిన వ్యాసము

1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశమొక సూత్రమును అంగీకరించెను. బడి మొత్తమున నలుబదిమందిగాని, ఒక తరగతిలో పదిమందిగాని ఆ భాషకు చెందిన పిల్లలుండినచో, ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. సూత్రము మంచిదే. కాని దాని నడకలో నొక చిక్కు గలదు. తెలుగు చెప్పువారు లేని బడిలో తండ్రి తన బిడ్డకు తెలుగు కోరడు. కోరినవారి సంఖ్య పదికి చేరలేదని ఉపాధ్యాయుని నియమింపరు. పిల్లలు లేరు గావున గురువు లేడు; గురువు లేడు గావున పిల్లలు లేరు. ఈ చక్రమున నలిగిపోవునది భాష. ఒక తరగతి మూతపడినచో దానికెదురుగా ఎవ్వరును తీర్పు చెప్పియుండరు, ఎవ్వరును నిషేధించియుండరు. చడిచప్పుడు లేక అది ముగిసిపోవును.

ఈ చిక్కే న్యాయపత్రికకు తగిన విషయము. 350ఏ అధికరణము ప్రభుత్వమునకు విధించిన విధి, ఆ సంఖ్య చేరువరకు ఊరకుండునా, లేక ఆ సంఖ్య చేరునట్లు చేయుటయు దానిలో భాగమేనా? తల్లిదండ్రుల కోరికను ముందుగనే అడిగి నమోదు చేయవలసిన బాధ్యత యెవరిది? ఒక్కొక్క బడిలో పదిమంది చేరకున్నను, ఇరుగుపొరుగు బడులన్నింట కలిపి లెక్కింపరాదా? ఇవి ఆవేశముతో తేలు ప్రశ్నలు గావు. లెక్కలతోను, పూర్వతీర్పులతోను తేలవలసినవి.

అట్టి వ్యాసమునకు కావలసిన సామగ్రి కోయంబత్తూరు, మధుర ఊళ్లలోనే యున్నది. బడుల ప్రవేశపు పుస్తకములు, సంవత్సరమువారీగా తెలుగు చదివినవారి సంఖ్యలు, ఉపాధ్యాయుడు పదవీవిరమణ చేసిన తేదీ, ఆ స్థానము నింపబడినదో లేదో తెలుపు కాగితము, తల్లిదండ్రులిచ్చిన అర్జీల నకళ్లు, వానికి వచ్చిన జవాబులు – ఇవి యన్నియు నాధారములే. భాషాల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి నివేదికలు పార్లమెంటు ముందుంచబడినవి గావున అందరికిని లభ్యములు. సంఘములు తమ వార్షికోత్సవపు ఖర్చులకు లెక్క వ్రాయునంత శ్రద్ధతో ఈ కాగితములను సంవత్సరక్రమమున కుట్టి భద్రపరచినచో, నేడు కాకున్నను రేపు ఒక పరిశోధకునకు అవి యక్కరకు వచ్చును.

వ్యాసము వ్రాయువాడు ఎదుటివాని వాదమును గూడ న్యాయముగా చెప్పవలెను. తమిళదేశమున బ్రదుకువానికి తమిళము రావలెననుట సబబైన మాట. తెలుగువారు దానిని కాదనుటలేదు. తరతరములుగా తమిళమున పాండిత్యము గడించుచునే యున్నారు. వారి ప్రశ్న, తమిళము నేర్చుచు తెలుగు నిలుపుకొను దారి యేదియని మాత్రమే. 2004 నాటి తీర్పును దాచిపెట్టి 1971 నాటి తీర్పునొక్కదానినే చూపు వ్యాసము పత్రికలో నిలువదు; న్యాయస్థానమున అసలే నిలువదు. రెండింటిని ఎదురెదురుగా నుంచి, రెండును సత్యములై యుండు మార్గమును చూపినదే వాదము.

పత్రికల లోపములు

ఇంత చెప్పినను, ఈ పత్రికలు దోషరహితములని తలపరాదు. యేల్ ఆచార్యుడు ఫ్రెడ్ రోడెల్ 1936లో వర్జీనియా విశ్వవిద్యాలయ పత్రికలోనే న్యాయపత్రికలను ఎగతాళి చేయుచు నొక వ్యాసము వ్రాసెను. వాని యందలి లోపములు రెండేయనియు, ఒకటి శైలి, రెండవది విషయమనియు ఆయన హేళన. పండితులు పండితులకొరకే వ్రాసికొను నల్లికబిల్లి భాష, ఒక పుట విషయమునకు రెండు పుటల అధోజ్ఞాపికలు – ఈ నింద నేటికిని కొంత నిజము. భారతదేశపు ముఖ్యపత్రికలు ఆంగ్లమున వెలువడుచున్నవి గావున, ఎవరి హక్కును గూర్చి వ్యాసము వ్రాయబడినదో వారే దానిని చదువలేని విచిత్రమును గలదు.

ఈ లోపమునకు మందు తెలుగునందే యున్నది. న్యాయశాస్త్రము తెలుగునకు క్రొత్త గాదు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన, మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. తెలుగునకు తెలుగున వ్యాకరణము చెప్పుచు ఆంధ్రభాషాభూషణమును రచించినవాడును ఆయనయే. భాషకు లక్షణమును, వ్యవహారమునకు ధర్మమును ఒకే చేయి వ్రాసిన సంప్రదాయము మనది. ఆంగ్ల పత్రికలో వచ్చిన వాదపు సారమును సంఘముల సంచికలలో తెలుగున ప్రకటించుటయు, తెలుగు సంచికలలోని లెక్కలను ఆంగ్ల పత్రికకు అందించుటయు అసాధ్యము గాదు.

కర్తవ్యము

మద్రాసు హైకోర్టు ధర్మాసనము 2004 జూలై 24 నుండి మధురలోనే కొలువుతీరియున్నది. మధురలోను, కోయంబత్తూరిలోను ప్రభుత్వ న్యాయకళాశాలలు గలవు. నాయుళ్ల యిండ్లనుండియు, దేవాంగుల యిండ్లనుండియు, అరుంధతీయుల యిండ్లనుండియు న్యాయశాస్త్రము చదువబోవు యువతీయువకులలో ఒకరు, తమ యూరి బడిలోని తెలుగు తరగతిని గూర్చి ఇరువది పుటల వ్యాసమును ఆధారములతో వ్రాసి పంపినచో, అది త్రోసివేయబడవచ్చును, దిద్దుబాటుకై తిరిగి రావచ్చును, అచ్చును గావచ్చును. అచ్చయినచో, కాన్రాడ్ వ్యాసమువలె, గ్రంథాలయపు బీరువాలో తన సమయముకొరకు వేచియుండును.

నాయకరాజుల కాలమున హక్కును రాగిరేకుపై చెక్కి యిచ్చెడివారు. రేకు గలవానికి భూమి నిలిచినది; రేకు పోగొట్టుకొన్నవాడు ఎంత చెప్పినను చెల్లలేదు. నేడు రాగిరేకులు లేవు. ప్రవేశపు పుస్తకమున మాతృభాష గడియలో తండ్రి వ్రాసిన మాటయు, అర్జీ నకలును, వానిపై నిర్మింపబడిన వాదమును వాని స్థానమున నున్నవి. ఇంట తెలుగు మాటాడు పిల్లవాడు బడిలో చేరు నాడు ఆ గడిని ఖాళీగా విడువకుండుట తల్లిదండ్రుల పని. ఆ కాగితమును దాచుట సంఘముల పని. దానినుండి వాదమును తీయుట న్యాయవిద్యార్థుల పని. ఈ మూడింటిలో మొదటిది జరుగనిచో తక్కిన రెండింటికిని తావు లేదు.